రక్తం కంటే ముందే మూత్రం చెప్పింది

పోయిన వేసవిలో కొన్నాళ్ళపాటు సాలూరు పట్టణంలో ఎండల గురించి, రాజకీయాల గురించి మాట్లాడుకోవడం పూర్తిగా ఆగిపోయింది. జనమంతా నా మూత్రం గురించే మాట్లాడుకున్నారు. లారీ స్టాండు దగ్గర టీ తాగేవాళ్ళు మా ఇంటివాళ్ళు కనిపిస్తే "సన్నాసిరావు ఎలగున్నాడు" అని అడగడం మానేసి "వస్తన్నాదా" అని అడిగేవారట. ఏమిటి వస్తోందో ఎవరూ విడమరిచి అడగలేదు, ఎవరూ విడమరిచి చెప్పలేదు. అయినా ఊరంతటికీ అర్థమయ్యేది.

ఇప్పుడు బాగానే వస్తోంది. అందుకే కూర్చుని రాయగలుగుతున్నాను. అప్పుడు పడ్డ భయం ఇంకా పూర్తిగా దిగలేదు, రాస్తే దిగుతుందని మా ఆవిడ అంది. నాలాగా మందుల షాపులో నొప్పి బిళ్ళలు కొనుక్కుని పల్లీల్లా నమిలేవాళ్ళు ఇది చదివితే ఒకరిద్దరైనా చెయ్యి వెనక్కి తీసుకుంటారని నా ఆశ.

మే నెల

నాకొక లారీ ఉంది. ఒకప్పుడు నేనే తోలేవాణ్ణి. నడుం అరిగిపోయాక బుకింగ్ ఆఫీసులో కుర్చీకి ప్రమోషన్ వచ్చింది. బండి మా బావమరిది గౌరి చేతికి వెళ్ళింది. ఆ వారం గౌరి తన అత్తవారి ఊళ్ళో అమ్మవారి పండగకి పోయాడు. అదే వారం కోరాపుట్‌కి ఉల్లిపాయల లోడు తగిలింది. ఇంకో డ్రైవర్ని పిలిచి ఉండవచ్చు. కానీ కుర్చీలో కూర్చుని కూర్చుని నాకు ఘాట్ రోడ్డు మీద బెంగ పట్టుకుంది. నేనే ఎక్కాను.

ఘాట్ ఎక్కేటప్పుడు నీళ్ళు తాగకూడదన్నది మా లారీవాళ్ళ మతం. లోడు బండిని మలుపు మధ్యలో ఆపితే మళ్ళీ ఎత్తుకోవడం నరకం. వెనక బస్సువాడు హారన్‌తో మన ఏడు తరాలనీ తలుచుకుంటాడు. కాబట్టి కింద ఖాళీ చేసుకుని ఎక్కాలి, అవతల దిగేదాకా నాలుక తడపకూడదు. మా గురువు నాకు స్టీరింగ్ కంటే ముందు నేర్పిన విద్య ఇదే. ఎడారిలో ఒంటెకి కూడా అప్పుడప్పుడూ దాహం వేస్తుంది గానీ సాలూరు డ్రైవరుకి వెయ్యదు.

ఆ రోజు ఎండ ఎలా ఉందంటే, లోడులో ఉల్లిపాయలు వాటంతటవే వేగి పకోడీలవుతున్న వాసన వచ్చింది. నడుం నొప్పికి రెండు బిళ్ళలు వేసుకున్నాను. మలుపులు పెరిగినకొద్దీ బిళ్ళలు పెరిగాయి. అవతల దిగాక ఒక ధాబాలో మాంసం కూర తిన్నాను. ఆ మేక నాకంటే వయసులో పెద్దదై ఉంటుంది. తిరుగు ప్రయాణంలోనే కడుపు తన సంగతి చెప్పడం మొదలుపెట్టింది.

ఇంటికొచ్చాక వాంతులు, విరేచనాలు. నీళ్ళు తాగితే వాంతవుతోందని నీళ్ళు మానేశాను. ఒళ్ళు నొప్పులకి బిళ్ళలు మాత్రం మానలేదు. మొదటి రోజు గడిచాక గమనించిందేమిటంటే, మూత్రం ముదురు టీ రంగులో వస్తోంది. అదీ ఇస్త్రీవాడు చొక్కా మీద చిలకరించేటన్ని చుక్కలే.

మా ఆవిడ అప్పలనర్స గుమ్మంలో నిలబడి నన్ను కాసేపు చూసింది. ఆమె నాకు మేనమామ కూతురు. పెళ్ళికి ముందు నుంచీ మావా అనే పిలుస్తుంది.

"మావా, పొద్దుటినుంచి ఎన్నిసార్లెల్లినావు?"

"ఎక్కడికి?"

"ఎక్కడికేటి, బాత్రూంకి. ఒకటికి."

"ఎల్లినట్టే ఉన్నాది."

"ఉన్నాదేటి? ఎల్లినావా, నేదా?"

నేను ఆలోచించాల్సి వచ్చింది. ఆలోచించాల్సి వచ్చిందంటేనే ఆమె మొహం మారిపోయింది.

అప్పలనర్సది కోటబొమ్మాళి. వాళ్ళ పిన్నిగారి భర్త, ఆమె చిన్నాన్న, సోంపేట వైపు కొబ్బరి తోటల మధ్య బతికినవాడు. బలమైన మనిషి. ఒక ఏడాది కాళ్ళు వాచాయి, ఆకలి పోయింది. డాక్టరు దగ్గరికి వెళ్ళేసరికి రెండు కిడ్నీలూ పోయాయన్నారు. ఆ తర్వాత మిగిలిన బతుకంతా వారం వారం డయాలిసిస్ మంచం మీదే గడిచింది. ఆ మంచం పక్కన పెళ్ళికి ముందు మా ఆవిడ చాలా కాలం కూర్చుంది. ఆ కొబ్బరి తోటల ఊళ్ళలో ఇంటింటా ఈ జబ్బే కాబట్టి, మా వైపు కిడ్నీ అన్న మాట వింటే ఎవరికైనా ఒళ్ళు చల్లబడుతుంది. ఆమెకి ఆ మాట వినక్కరలేదు. టీ రంగు చూస్తే చాలు.

సంచి సర్దేసింది. గౌరికి ఫోను చేసి, "పండగ సాలు, కారు పట్టుకుని రా" అంది. అక్క గొంతు విన్న గౌరి పండగలో తింటున్న విస్తరి మడవకుండానే లేచొచ్చాడని వాడి అత్తగారు ఇప్పటికీ అంటుంది.

సోమవారం, విజయనగరం

ఆసుపత్రి వరండాలో కుర్చీల కంటే జనం ఎక్కువ, జనం కంటే ఫ్లాస్కులు ఎక్కువ. నన్ను మంచం మీద పడేసి, రక్తం తీసి, సెలైను పెట్టారు. కడుపులో నొప్పి నన్ను రెండుగా మడిచేస్తోంది. డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు కడుపు నొక్కి చూసి, మర్నాడు పొద్దున రంగు మందు ఎక్కించి స్కానింగ్ తీద్దామన్నాడు. ఈలోపు నొప్పి ఇంజక్షన్ రాస్తానన్నాడు. ఆ కుర్రాడికి నా ఆస్తిలో సగం రాసిచ్చెయ్యాలనిపించింది.

రక్తం రిపోర్టు వచ్చింది. కిడ్నీ సంగతి చెప్పే క్రియాటినిన్ అనేది మామూలుగానే ఉంది. మా ఆవిడ ఆ కాగితాన్ని కళ్ళకద్దుకుంది. గౌరి ఛాతీ విరుచుకున్నాడు.

"సూసినావా అక్కా, ఏటీ నేదు. బావకి ఆ ముసిలి మేక పడనేదు, అంతే. సాయంత్రం ఇంటికెల్లిపోదాం."

అప్పుడు వచ్చింది ఆ డాక్టరమ్మ. కిడ్నీల డాక్టరు. పక్క మంచం పేషెంటుని చూడడానికి వచ్చింది. మా అమ్మాయి వయసుంటుంది. వెళ్ళిపోబోతూ నా మంచం పక్కన వేలాడుతున్న మూత్రం సీసాలో అడుగున ఉన్న టీ డికాక్షన్ చూసి ఆగింది.

"ఇది ఈయనదేనా? నొప్పి బిళ్ళలు ఏమైనా వాడుతున్నారా?"

"అప్పుడప్పుడూ," అన్నాను.

మా ఆవిడ చేతిసంచి తీసి బోర్లించింది. ఖాళీ బిళ్ళల అట్టలు జలజలా రాలాయి. నా దిండు కింద, లారీ డ్యాష్‌బోర్డులో, లుంగీ మడతలో దొరికినవన్నీ ఏరుకొచ్చింది. వాటితో మా ఇంటి పెరట్లో షెడ్డుకి కప్పు వెయ్యవచ్చు.

డాక్టరమ్మ ఒక అట్ట తీసి పేరు చదివింది. నవ్వలేదు.

"రక్తం రిపోర్టు బాగుంది కదా డాక్టరమ్మా," అన్నాడు గౌరి.

"ఈ రోజుకి బాగుంది. క్రియాటినిన్ రక్తంలో పేరుకుంటేనే కనబడుతుంది. కిడ్నీకి దెబ్బ తగిలాక అది పెరగడానికి ఒక రోజు పట్టొచ్చు, రెండు రోజులు పట్టొచ్చు. కిడ్నీలో దెబ్బ తిన్న కణాలు మాత్రం కొన్ని గంటల్లోనే ఒక రకం ప్రోటీన్‌ని మూత్రంలోకి వదులుతాయి. దాన్ని కొలిచే పరీక్ష ఉంది. అన్నిచోట్లా ఉండదు, మా ల్యాబులో ఉంది. చేయిద్దాం."

"అందులో వస్తే రోగం ఉన్నట్టా?" మా ఆవిడ అడిగింది.

"జోస్యంలా చెప్పదమ్మా. అనుమానాన్ని గట్టి చేస్తుంది, లేదా తగ్గిస్తుంది. ఈయన ఎండలో నీళ్ళు లేకుండా ఉన్నారు, వాంతులు, పైగా ఇన్ని బిళ్ళలు. నాకు అనుమానం ఉంది. పరీక్షలో ఏమీ లేకపోతే రేపు స్కానింగ్ తీసుకోవచ్చు. ఉంటే ఆ రంగు మందు ఇప్పుడు కిడ్నీకి మంచిది కాదు. నొప్పి ఇంజక్షన్ కూడా వద్దు, అదీ ఈ బిళ్ళల జాతిదే."

ఆఖరి వాక్యంతో ఆవిడ నాకు శత్రువైపోయింది. గౌరికి మాత్రం నేను లారీ భాషలో అనువదించి చెప్పాను. ఇంజను పట్టేశాక పొగ రావడం క్రియాటినిన్. అంతకంటే ముందు డ్యాష్‌బోర్డులో వేడి ముల్లు లేవడం ఈ మూత్రం పరీక్ష. ముల్లు చూసి బండి పక్కకి ఆపినవాడికి ఇంజను మిగులుతుంది.

"మరి ముల్లు లేవనేదనుకో?"

"అప్పుడు నొప్పి ఇంజక్షన్ ఇస్తారు. నువ్వు దేవుడికి దండం పెట్టుకో."

మా అమ్మ

ఇక్కడ మా అమ్మ పైడమ్మ గురించి చెప్పాలి. మాతోపాటే కారెక్కి వచ్చేసింది. వద్దంటే వినే రకం కాదు. నాన్న పోయాక రెండు గేదెలతో పాల వ్యాపారం చేసి మమ్మల్ని పెంచింది. ఆమె పాలు చిక్కన. సాలూరులో ఏ కాఫీ హోటలువాడైనా సాక్ష్యం చెబుతాడు. పాలల్లో చుక్క నీళ్ళు కలిపినవాడి ఇంట్లో దీపం పెట్టేవాళ్ళుండరని శపించేది.

సిస్టర్ ఒక గీతల ప్లాస్టిక్ జగ్గు తెచ్చి మా చేతిలో పెట్టింది. పోసిందల్లా ఇందులోనే పట్టాలి, పారబొయ్యకూడదు, నేను వచ్చి కొలుచుకుంటాను అంది. కాసేపటికి వచ్చి చూసింది. జగ్గు అడుగున పిల్లి కన్నీళ్ళంత ఉంది.

"ఇంతేనా? ఏంటండీ ఇది? ఇలాగైతే ఎలా?" అని కసిరింది. ఆ సిస్టర్‌ది మంచి మనసే గానీ గొంతు మాత్రం మా లారీ హారన్‌కి పెద్దక్క. వార్డులో అందరూ నావైపు తిరిగారు. బడిలో ఎక్కం అప్పచెప్పలేని పిల్లాడిలా దుప్పటి ముక్కుదాకా లాక్కున్నాను. అమ్మ గోడవార నిలబడి అంతా విన్నది.

ఆ తర్వాత అద్భుతం జరిగింది. సిస్టర్ మళ్ళీ వచ్చేసరికి జగ్గు సగానికి పైగా ఉంది. లేత నిమ్మకాయ రంగు. పైన కొంచెం నురగ కూడా.

"అదీ. సెలైను పనిచేస్తోంది," అంది సిస్టర్. మూత ఉన్న చిన్న డబ్బా అమ్మ చేతికిచ్చి, ఇందులో కొత్తగా పట్టించి ఇవ్వండి, పరీక్షకి పంపాలి అని చెప్పి పోయింది. నేను జ్వరంతో మగతలో ఉన్నాను. అమ్మ డబ్బా నింపి ఇచ్చేసింది. ఎక్కణ్ణుంచి నింపిందని ఎవరూ అడగలేదు.

మధ్యాహ్నం ఫలితం వచ్చింది. ఏమీ లేదు. ముల్లు కదల్లేదు. గౌరి కింద క్యాంటీన్‌కి వెళ్ళి అందరికీ టీలు పట్టుకొచ్చాడు. కుర్ర డాక్టరు నొప్పి ఇంజక్షన్ రాశాడు, రేపు పొద్దున స్కానింగ్ ఖాయం చేశాడు. ఇంజక్షన్ కోసం నేను భుజం ఎప్పుడో బయట పెట్టేసుకున్నాను.

సిస్టర్ సూది మందు నింపుతూ ఉండగా డాక్టరమ్మ లోపలికి వచ్చింది. "ఒక్క నిమిషం ఆగండి," అని నా నాలుక చూసింది. నా నాలుక అప్పుడు వేసవిలో చంపావతి ఏరులా ఉంది, ఇసక తప్ప ఏమీ లేదు. తర్వాత జగ్గు ఎత్తి వెలుతురులో పెట్టి చూసింది.

"ల్యాబువాళ్ళు ఫోన్ చేశారు. పంపింది మూత్రమా, కుళాయి నీళ్ళా అని అడుగుతున్నారు. నాలుక ఇంత ఎండిపోయిన మనిషికి ఇంత పలచగా, ఇంత ఎక్కువగా ఎలా వస్తోంది? ఈ జగ్గు ఎవరు చూసుకుంటున్నారు?"

గౌరి నావైపు చూశాడు, నేను మా ఆవిడవైపు చూశాను, మా ఆవిడ తిరిగి అత్తగారివైపు చూసింది. అమ్మ కిటికీలోంచి బయట ఏదో అత్యవసరమైన కాకిని చూస్తోంది.

"అత్తా," అంది మా ఆవిడ మెల్లిగా. "ఏటి సేసినావు?"

"నానేటి సేసినాను?"

"ఇటు తిరుగు. నా మొకం సూసి సెప్పు."

అమ్మ తిరిగింది. కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఆ నర్సమ్మ వొచ్చి నా కొడుకుని అందరి ముందరా కసురుతుంటే సూడనేకపోనాను. ఇన్నేసి పొయ్యాల, అన్నేసి పొయ్యాల అంటన్నాది. ఎండిపోయినోడు ఎక్కణ్ణుంచి తెస్తాడు? అందుకని రొంత... రొంతే... కలిపినాను."

"ఏటి?"

"నీల్లు." ఆమె రెండు చేతులూ జోడించింది. "పాలల్లో ఏనాడూ కలపనేదే తల్లీ. దేముడి మీద ఒట్టు. ఇందులో కలిపినాను."

ఆ నురగ సంగతి అప్పుడు అర్థమైంది. జీవితమంతా పాలు ఎత్తునుంచి పోసిన చెయ్యి, నీళ్ళు కూడా ఎత్తునుంచే పోసింది. పక్క మంచం ముసలాయన ఆపరేషన్ కుట్లు పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. గౌరి నవ్వు ఆపుకోలేక వరండాలోకి పరిగెత్తాడు. నవ్వనిది ఇద్దరే. మా ఆవిడ, డాక్టరమ్మ.

డాక్టరమ్మ అమ్మ భుజం మీద చెయ్యి వేసింది. "పెద్దమ్మా, మీ అబ్బాయిని సిస్టర్ తిట్టడం తప్పే, నేను చెబుతాను. కానీ నీళ్ళు కలిపితే మీ అబ్బాయి కిడ్నీ ఏం చెబుతోందో నాకు వినబడదు. ఇంకోసారి కలపకండి."

"కలపను తల్లీ."

సూది ట్రేలోకి తిరిగి వెళ్ళిపోయింది. నా భుజం అనాథలా బయటే మిగిలింది. ఈసారి డాక్టరమ్మ ఎదుటే డబ్బా నాకిచ్చి పంపారు. గోడ పట్టుకుని, వెనక సెలైను స్టాండు లాక్కుంటూ, దశమి ఊరేగింపులో రథంలా వెళ్ళాను. డబ్బా అడుగు తడపడానికి నేను పడ్డ శ్రమతో ఒక బోరుబావి తవ్వవచ్చు.

సాయంత్రానికి ఫలితం వచ్చింది. ముల్లు ఎర్ర గీత దాటిపోయింది.

మంగళవారం, బుధవారం

స్కానింగ్ ఆపేశారు. రంగు మందు అక్కరలేని మామూలు స్కానింగ్ తీసి, కడుపులో పెద్ద ప్రమాదమేమీ లేదు, అంతా ఆ మేక పుణ్యమేనని తేల్చారు. నొప్పికి కిడ్నీ జోలికి పోని వేరే మందు ఇచ్చారు. సెలైను ఎంత పడాలో, ఎంత మెల్లిగా పడాలో డాక్టరమ్మ స్వయంగా చూసుకుంది.

గౌరికి మాత్రం నమ్మకం కుదరలేదు. "రక్తం బాగున్నాది, మడిసి బాగున్నాడు. ఒక సీసాడు ఒంటేలు సూసి మంచాన్ని కట్టేస్తారేటి?" అని వరండాలో అక్కతో వాదన పెట్టుకున్నాడు. మంచం మీద నాకు వినబడుతూనే ఉంది.

"సిన్నాన్నకీ అలగే అన్నారు," అంది మా ఆవిడ. "బలమైనోడు, ఏటి కాదు, ఇంటికి తీసుకుపోండి అన్నారు. నువ్వప్పుడు సిన్నోడివి. నాను పక్కన కూకున్నాను. నీకు అంత తొందరుంటే నువ్వెల్లిపో. నాను కదలను."

గౌరి వెళ్ళలేదు. అక్కతో మాట్లాడకుండా అక్కకి టిఫిను తెచ్చిపెట్టాడు.

మంగళవారం తీసిన రక్తంలో క్రియాటినిన్ పెరిగింది. బుధవారం ఇంకా పెరిగింది. ఆ రిపోర్టు చదివాక గౌరి మా బండి బ్రేకులు ఫెయిలైన రోజున కూడా పెట్టని మొహం పెట్టాడు. నేను వెయ్యబోయిన జోకులన్నీ నోట్లోనే ఆగిపోయాయి.

"దీని గురించే ముందు అనుకున్నాం," అంది డాక్టరమ్మ. "మూత్రం ముందే చెప్పింది కాబట్టి దెబ్బ మీద ఇంకో దెబ్బ పడకుండా ఆపగలిగాం. ఇక్కడితో ఆగుతుందనుకుంటున్నాను. ఆగకపోతే కొన్ని రోజులు డయాలిసిస్ అవసరం రావచ్చు. ఇప్పుడే భయపడొద్దు."

భయపడొద్దు అన్న మాట విన్నాక భయపడనివాడు ఈ మూడు లోకాల్లోనూ లేడు. నా విషయంలో నాకో గొప్ప నమ్మకం ఉండేది, చావునైనా నవ్వించి పంపేస్తానని. ఆ మధ్యాహ్నం పైన ఫ్యాను చూస్తూ పడుకుని, అప్పలనర్స మళ్ళీ అలాంటి మంచం పక్కన కూర్చోవాలా అని ఆలోచించాను. ఒక మనిషి ఒక జన్మలో ఒకసారి కూర్చుంటే చాలదా?

ఆమె మందులు తేవడానికి వెళ్ళి చాలాసేపు రాలేదు. వచ్చాక కళ్ళు ఎర్రగా ఉన్నాయి గానీ మొహం తేలిగ్గా ఉంది.

"ఎక్కడికెల్లినావే?"

"డయాలిసిస్ గది బయట కూకున్నాను."

"అక్కడెందుకు?"

"కాల్లు అటే ఎల్లిపోనాయి. గరివిడి నుంచి ఒకామె వొచ్చింది. వాలాయనకి లోపల ఎక్కిస్తన్నారు. నన్ను సూసి జరిగి సోటిచ్చింది. డబ్బాలో పులిహోర సగం నా సేతిలో పెట్టింది. కత అంతా సెప్పినాను. అత్త నీల్లు కలిపింది కూడా సెప్పినాను. పొట్ట సెక్కలయ్యేలా నవ్వింది."

"నవ్విందా?"

"నవ్వి, తరవాత అన్నాది, మాకు తెలిసేసరికి అంతా అయిపోనాది అమ్మా, మీకు ముందరే తెలిసింది, మీరు మంచిగా ఇంటికెల్తారు అని." వేళ్ళకంటిన పసుపు కొంగుకి తుడుచుకుంది. "పులిహోర బాగున్నాది."

ఆ ముక్క నాకు ఏ ఇంజక్షనూ చెయ్యని మేలు చేసింది. పేరు కూడా తెలియని ఆ గరివిడి ఆవిడకి, ఆమె భర్తకి రోజూ దండం పెట్టుకుంటాను.

గురువారం

గురువారం మధ్యాహ్నం, భోజనాల వేళ, నాకు హఠాత్తుగా బాత్రూంకి వెళ్ళాలనిపించింది. అలా అనిపించి ఎన్నాళ్ళయిందో. మా ఆవిడ జగ్గు పట్టుకుని వెనకే వచ్చింది. అమ్మ ఆమె వెనక. నీళ్ళ కుళాయికీ అమ్మకీ మధ్య గౌరి గోడలా నిలబడ్డాడు.

తలుపు లోపలినుంచి వినిపించిన ఆ ధార శబ్దాన్ని వర్ణించడం నా వల్ల కాదు. తాటిపూడి రిజర్వాయరు గేట్లు ఎత్తినప్పుడు విన్నవాళ్ళు కొంత ఊహించుకోగలరు. నేను జగ్గుతో బయటకొచ్చేసరికి వార్డులో పక్క మంచం ముసలాయన లేచి కూర్చుని ఉన్నాడు. సిస్టర్ పరిగెత్తుకొచ్చింది. జగ్గు చూసింది. తర్వాత కళ్ళు చిన్నవి చేసుకుని అమ్మని చూసింది.

"నాను కాదు," అంది అమ్మ రెండు చేతులూ పైకెత్తి. "ఈసారి అంతా ఆడిదే."

సిస్టర్ ఆ కఠోర కంఠంతోనే పకపకా నవ్వి, అమ్మని కావలించుకుంది. ఆ రాత్రే క్రియాటినిన్ ఎక్కడం ఆగింది. మర్నాటినుంచి దిగడం మొదలుపెట్టింది, ఘాట్ దిగే బండిలా, గేరు మీద, మెల్లిగా. గౌరి డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి చేతులు కట్టుకుని, "మా బండిలో ముల్లు పాడై ఏడాదైనాదమ్మా, రేపే బాగు సేయిస్తాను," అని మాటిచ్చి వచ్చాడు. ఆవిడకి ఒక్క ముక్క అర్థమై ఉండదు.

వర్షాలు పడ్డాక

ఇంటికొచ్చాక కొన్ని వారాలు నన్ను గాజు బొమ్మలా చూసుకున్నారు. లారీ స్టాండులో నేను ప్రవచనకారుణ్ణయిపోయాను. ఘాట్ ఎక్కే ప్రతి బండికీ ఎదురెళ్ళి, డ్రైవరు చేత నా కళ్ళముందు నీళ్ళు తాగిస్తున్నాను. వ్యూ పాయింటు దగ్గర ఆపుకోండి, ఎవడు హారన్ కొడితే వాడి ఏడు తరాలనీ నేను తలుచుకుంటాను అని హామీ ఇస్తున్నాను. మందుల షాపువాడు నన్ను చూస్తే నొప్పి బిళ్ళల డబ్బా వెనక్కి జరుపుతాడు.

మూడు నెలలకి మళ్ళీ చూపించుకోమన్నారు. అందరం వెళ్ళాం. డాక్టరమ్మ కాగితాలు చూసి, కిడ్నీలు పూర్తిగా కోలుకున్నాయి, నొప్పి బిళ్ళలు మాత్రం ఈ జన్మకి వద్దు, ఏడాదికోసారి పరీక్ష చేయించుకోండి అంది. తర్వాత అమ్మవైపు తిరిగింది.

"పెద్దమ్మా, మీరు నీళ్ళు బాగా తాగుతున్నారా?"

"తాగుతాను తల్లీ."

"ఈరోజు పొద్దుటినుంచి ఎంత తాగారు?"

అమ్మ గదిలో కాకి కోసం వెతికింది. దొరకలేదు.

తిరిగి వస్తూ కారు నేనే నడిపాను. వెనక సీట్లో అమ్మ, మా ఆవిడ. అమ్మ ఒళ్ళో మూత తియ్యని నీళ్ళ సీసా.

"ఏటమ్మా, తాగవేటి?"

"ఇంటికెల్లి తాగుతాను."

"ఇప్పుడు దాహం వేస్తే ఇంటికెల్లి తాగడమేటి?"

అమ్మ సీసాని సీటు మీద పెట్టేసింది. మా ఆవిడే అంది, అద్దంలోంచి నా కళ్ళలోకి చూస్తూ. "మావా, మీకు ఘాట్ మీద ఒక్కపూటే ఆ మతం. మా ఆడోల్లకి గుమ్మం దాటితే అదే. తాగితే ఎల్లాల. ఎక్కడికెల్తాం? పాలమ్మిన్నాల్లూ అత్త పొద్దుట బయలెల్లి మద్దేనం ఇంటికొచ్చిందాకా సుక్క ముట్టుకునేది కాదట. నాను బస్సెక్కితే ముట్టుకోను."

లారీ తోలినంత కాలం ఆ రోడ్డు మీద ప్రతి గొయ్యికీ నేను పేరు పెట్టాను. ఈ సంగతి మాత్రం నాకు కనపడలేదు.

గజపతినగరం దాటకుండానే ఒక పెట్రోలు బంకులోకి కారు తిప్పాను. బాత్రూంకి తాళం ఉంది. తాళంచెవి మేనేజరు దగ్గరుంది. మేనేజరు భోజనానికి వెళ్ళాడు. అతను వచ్చేదాకా ఆగమన్న బంకు కుర్రాళ్ళకి నేను నా కిడ్నీల చరిత్ర మొత్తం, మొదటి ఉల్లిపాయ నుంచి చెప్పాను. పరుగున వెళ్ళి తాళంచెవి తెచ్చారు. అమ్మా, మా ఆవిడా ఒకరి తర్వాత ఒకరు వెళ్ళి వచ్చారు.

కారు ఎక్కాక అమ్మ సీసా చేతిలోకి తీసుకుంది. మూత మీద వేళ్ళు పెట్టి ఆగింది.

"రామభద్రపురంలో కూడా ఆపుతావేట్రా?"

"ఆపుతానమ్మా."

అప్పుడు మూత తీసింది.